వీపులో పైపు పెడితే బాపు ఊపిరి ఆగిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పరకాల. మా బాపుకు 64 ఏళ్లు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. బీడీ అలవాటు ఉంది. చలికాలం వచ్చిందంటే దమ్ము ఎక్కువవుతుంది, రాత్రి గురక గట్టిగా పెడతారు. కడుపులో గడ్డ ఉందని హన్మకొండలో పెద్ద ఆపరేషన్ చెప్పారు. నొప్పి తెలియకుండా వీపులో సన్న పైపు పెట్టి మూడు రోజులు మందు ఎక్కిస్తామని మత్తు డాక్టర్ అన్నారు. మా ఊరి ఒకాయనకు ఇట్లాగే పైపు పెట్టారట. పొద్దున ఆపరేషన్ అయి సాయంత్రం మంచిగా మాట్లాడిన మనిషి, రాత్రి రెండింటికి ఊపిరి అందక ఐసీయూలో పడ్డాడట. అది విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. అన్న అయితే ఆ పైపే వద్దంటున్నాడు. బాపుకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.8 ఉంది, నిద్రకు గోలీ కూడా వేసుకుంటారు. పైపు పెట్టించుకోవచ్చా? ఇంకో మాట. మా చెల్లెకు నెలలు నిండుతున్నాయి. నొప్పుల్లేని కాన్పుకు కూడా ఇదే సూది అంటున్నారు. అదీ భయపడాల్సిందేనా?

సమాధానం: అమ్మా, దమ్ము ఉంది కాబట్టి పైపు వద్దు అనే లెక్క సరైంది కాదు. ఇలాంటి ఆపరేషన్‌లో దమ్ము ఉన్న మనిషికే ఆ పైపు ఎక్కువ పనికొస్తుంది. అలాగని మీ భయం ఊరికే పుట్టింది కాదు. మీ ఊరి ఆయన విషయంలో మీరు రాసిన సమయం, అంటే పొద్దున ఆపరేషన్ అయితే అర్ధరాత్రి దాటాక ఇబ్బంది రావడం, మాకు బాగా తెలిసిన వరుసే. అది ఎందుకలా జరుగుతుందో, మీ బాపుకు జరగకుండా ఏం చూసుకోవాలో చెబుతాను. మీ అన్నకు కూడా చదివి వినిపించండి.

ముందు ఆపరేషన్ సంగతి. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా కోత పడితే, మనిషి గట్టిగా ఊపిరి తీసుకోలేడు. తీసుకోబోతే కుట్లు లాగుతాయి. అందుకని పైపైన, పొట్టిపొట్టిగా ఊపిరి తీస్తుంటాడు. దగ్గు వస్తే పొట్ట పట్టుకుని ఆపుకుంటాడు. మామూలు మనిషికైతే ఇది రెండు రోజుల బాధ. ఏళ్ల తరబడి బొగ్గు ధూళి, బీడీ పొగ పీల్చిన ఊపిరితిత్తుల్లో కఫం ముందే ఉంటుంది. దగ్గి బయటికి తీయకపోతే అది లోపలే చిక్కబడుతుంది. ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోతుంది, తర్వాత నిమ్ము చేస్తుంది. పెద్ద ఆపరేషన్ బాగానే జరిగి, మూడోనాడో నాలుగోనాడో నిమ్ముతో మళ్లీ ఐసీయూకు పోయిన పెద్దవాళ్లను చాలామందిని చూశాను. నొప్పి తగ్గించడం అంటే సుఖం కోసం మాత్రమే అనుకోకండి, దగ్గడానికి వీలు కల్పించడం కూడా.

ఈ పని వీపులో పైపు బాగా చేస్తుంది, దాన్నే మేము ఎపిడ్యూరల్ అంటాం. 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో మాస్టర్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. ప్రమాదం ఎక్కువున్న తొమ్మిది వందల మంది దాకా రోగుల్లో, పెద్ద పొట్ట ఆపరేషన్లకు, ఎపిడ్యూరల్ పెట్టినవాళ్లనూ రక్తనాళంలో మందు ఇచ్చినవాళ్లనూ పోల్చి చూశారు. ప్రాణాలు నిలిచే విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. శ్వాస విఫలమవడం మాత్రం ఎపిడ్యూరల్ వాళ్లలో 23 శాతం, మిగతావాళ్లలో 30 శాతం. ఎపిడ్యూరల్ పెడితే అన్నీ బాగైపోతాయని నేను అనను, ఆ అధ్యయనం కూడా అనలేదు. కానీ ఊపిరి విషయంలో అది శత్రువు కాదని అర్థమవుతుంది.

మరి మీ ఊరి ఆయన సంగతి? పైపులో ఏం పోతుందో తెలిస్తే అర్థమవుతుంది. పైపుకు తగిలించే మందు సంచీలో సాధారణంగా రెండు మందులు కలిపి ఉంటాయి. ఒకటి బుపివకైన్ లాంటి తిమ్మిరి మందు, పన్ను పీకేటప్పుడు చిగురుకు వేసే మందు జాతిదే. రెండోది ఫెంటనిల్ గానీ మార్ఫిన్ గానీ, అంటే నల్లమందు జాతి మందు. తిమ్మిరి మందు ఒక్కదాన్నే గట్టిగా పోస్తే నొప్పి పోతుంది గానీ బీపీ పడిపోతుంది, కాళ్లలో సత్తువ తగ్గుతుంది. రెండోది కొంచెం కలిపితే రెండూ తక్కువ మోతాదులోనే పనిచేస్తాయి. నొప్పి సంకేతాలు వెన్నుపాము వెనక భాగంలో ఒక తీగ నుంచి ఇంకో తీగకు మారతాయి, మార్ఫిన్ జాతి మందు అక్కడే కూర్చుని ఆ దారి మూసేస్తుంది. మనుషుల్లో మొదట 1979లో ఇజ్రాయెల్ డాక్టర్లు వెన్నుపాము పొర బయట 2 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఇచ్చి, గంటల తరబడి నొప్పి తగ్గిందని రాశారు. ఆలస్యంగా ఊపిరి మందగించిన కేసులు కూడా ఆ తొలి రోజుల్లోనే బయటికొచ్చాయి. కాబట్టి ఈ ప్రమాదం ఎవరో దాచిపెట్టింది కాదు, మందుతో పాటే తెలిసింది.

ఇక్కడ రెండు మందులకూ తేడా ఉంది. దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఫెంటనిల్ కొవ్వులో కరిగే మందు. పైపు కొస ఎక్కడుందో ఆ చుట్టుపక్కలే వెన్నుపాములోకి ఇంకిపోతుంది, కొంత రక్తంలో కలుస్తుంది. ఊపిరి తగ్గడమంటూ జరిగితే ఒక్కసారిగా ఇచ్చిన మోతాదుకు మొదటి రెండు గంటల లోపే ఎక్కువగా జరుగుతుంది. మార్ఫిన్ నీళ్లలో కరిగే మందు. అది వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో మిగిలిపోయి, చెరువులో ఒక మూల వేసిన రంగు మెల్లగా అవతలి గట్టుకు పాకినట్టు, గంటల మీద పైకి, మెదడు వైపు చేరుతుంది. మెదడు కింది భాగంలోనే ఊపిరిని నడిపే కేంద్రాలున్నాయి. అందుకే పొద్దున ఇచ్చిన మార్ఫిన్ ప్రభావం 6 నుంచి 12 గంటల తర్వాత, ఒక్కోసారి 24 గంటల దాకా కూడా కనబడొచ్చు. మీ ఊరి ఆయనకు ఏ మందు ఇచ్చారో, నిజంగా దానివల్లే అయిందో నేను చూడకుండా చెప్పలేను. కానీ సాయంత్రం దాకా బాగుండి అర్ధరాత్రి మందగించడం మార్ఫిన్ తీరుకు సరిపోయేదే.

ఎంతమందికి ఇలా అవుతుంది? సరైన మోతాదులో ఇచ్చి సరిగ్గా కనిపెట్టుకునే చోట వందలో ఒకరికన్నా తక్కువ మందికే. తక్కువే. కానీ ఆ ఒక్కరిని ఎవరూ చూడకపోతే ప్రాణం మీదికి వస్తుంది, చూస్తే అయిదు నిమిషాల్లో సర్దుకుంటుంది. మొత్తం వ్యవహారం ఆ చూడటం మీదే ఆధారపడి ఉంది.

అసలు ఊపిరి ఎలా తగ్గుతుందో చూడండి. మన ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు వెంటనే పసిగట్టి, ఊపిరి తీయమని తోస్తుంది. నల్లమందు జాతి మందులు ఆ పసిగట్టే గుణాన్ని మొద్దుబారుస్తాయి. గొంతు పట్టేసినట్టు, ఆయాసంతో కొట్టుకున్నట్టు ఉండదు. మనిషి గిలగిలలాడడు, అరవడు. మెల్లగా మగత కమ్ముతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, మధ్యమధ్య ఆగుతుంది, గురక వంకర పోతుంది. పెదాలు నీలం తిరిగేసరికి చాలా ఆలస్యమైనట్టు లెక్క. ముందు కనబడే గుర్తు నిద్ర. అదే మామూలు కన్నా బరువైన నిద్ర.

మన ఇళ్లల్లో అందరూ చేసే పని ఒకటుంది. ఆపరేషన్ అయిన రాత్రి రోగి గాఢంగా నిద్రపోతుంటే పక్కన కూర్చున్నవాళ్లకు ప్రాణం కుదుటపడుతుంది. “పాపం, ఇన్ని రోజులకు కంటినిండా నిద్రపట్టింది, లేపకండి సిస్టర్” అని నర్సును వెనక్కి పంపేవాళ్లు కూడా ఉంటారు. ప్రేమతోనే చేస్తారు, నేను తప్పు పట్టను. కానీ ఈ పైపు ఉన్నంతసేపు నర్సు వచ్చి లేపాలి, రోగి కళ్లు తెరిచి జవాబు చెప్పాలి. గంటకోసారి లేపితే విసుక్కున్నా ఫర్వాలేదు. విసుక్కున్నాడంటే మెలకువ ఉన్నట్టే.

రెండోది ఆక్సిజన్ మాస్కు సంగతి. వేలికి పెట్టే క్లిప్పులో 98 అని కనిపిస్తుంటే అందరం నిశ్చింతగా ఉంటాం. ఆ అంకె రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది, అంతే. మాస్కులో ఆక్సిజన్ దండిగా పోతున్నప్పుడు, నిమిషానికి ఆరుసార్లే ఊపిరి తీస్తున్నా ఆ అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది. ఈలోగా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూ పోతుంది, దానితో మగత ఇంకా ముదురుతుంది. పైగా మీ బాపులాంటి పాత దమ్ము ఉన్నవాళ్లకు ఆక్సిజన్ ఎక్కువైనా మంచిది కాదు. వాళ్లలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే గుణం ఉంటే అంకెను 88 నుంచి 92 మధ్య ఉంచడమే పద్ధతి. మీ బాపుకు ఎంత ఉండాలో డాక్టర్‌ను అడిగి, మంచం తల దగ్గర రాయించుకోండి. వదిలిన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం కొన్ని ఐసీయూల్లో ఉంటుంది. ఉంటే పెట్టమనండి. లేదంటే కళ్లు, గడియారం చాలు.

ఇంకో విషయం చెబితే మా వాళ్లకు కోపం రావచ్చు, అయినా చెబుతాను. వార్డులో మంచానికి వేలాడే చార్టు ఒకసారి తిరగేసి చూడండి. బీపీ మారుతుంటుంది, నాడి మారుతుంటుంది. ఊపిరి గడిలో మాత్రం రాత్రి పది గంటల నుంచి తెల్లారేదాకా 18, 18, 18, 18 అని ఒకే అంకె వరుసగా ఉంటుంది. ఏ మనిషీ రాత్రంతా అట్లా ఊపిరి తీయడు. ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. ముప్పై మంచాలకు ఇద్దరు నర్సులున్న చోట ఒక్కొక్కరి దగ్గరా నిమిషం నిలబడి లెక్కపెట్టమంటే వాళ్లకూ సాధ్యం కాదు. అందుకే ఈ పైపు ఉన్న రోగిని ఎక్కడ పడుకోబెడుతున్నారన్నది అంత ముఖ్యం.

ఎంత తరచుగా చూడాలన్నదానికి కూడా లెక్క ఉంది. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం, వెన్నులో మార్ఫిన్ ఒక్క మోతాదు ఇచ్చినా 24 గంటలు కనిపెట్టాలి. మొదటి 12 గంటలు గంటకోసారి, తర్వాతి 12 గంటలు రెండు గంటలకోసారి. ఫెంటనిల్ ఒక్క మోతాదైతే కనీసం రెండు గంటలు, అందులో మొదటి ఇరవై నిమిషాలు దగ్గరే ఉండి. పైపులో ఫెంటనిల్ నిరంతరం ఎక్కుతుంటే మొదటి 12 గంటలు గంటకోసారి, 24 గంటల దాకా రెండు గంటలకోసారి, ఆ తర్వాత పైపు ఉన్నన్నాళ్లూ నాలుగు గంటలకోసారి. ప్రతిసారీ మూడు చూడాలి: ఊపిరి ఎన్నిసార్లు, ఆక్సిజన్ ఎంత, పిలిస్తే ఎట్లా పలుకుతున్నాడు. మీ బాపులాంటి మనిషికి ఇంతకన్నా ఎక్కువసార్లే చూడాలి.

మీరు కూడా చూడొచ్చు. కష్టమేమీ కాదు. బాపు పడుకుని ఉన్నప్పుడు, లేపకుండా, మాట్లాడకుండా, దుప్పటి కొంచెం కిందికి లాగి పొట్ట పైకి లేచి దిగడాన్ని చూడండి. లేచి దిగితే ఒకటి. ఫోన్లో సెకన్లు పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి, మందు ప్రభావంలో ఊపిరి మధ్యలో ఆగుతుంటే ఆ లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 10 కన్నా తగ్గితే నర్సును పిలవండి. 8 కన్నా తగ్గితే పరిగెత్తండి. లెక్క అయ్యాక “బాపూ” అని మామూలు గొంతుతో పిలవండి. కళ్లు తెరిచి మీతో మాట్లాడితే మంచిదే. మాట్లాడుతూ మాట్లాడుతూనే మధ్యలో మాట ఆగి మళ్లీ నిద్రలోకి జారిపోతుంటే, ఊపిరి అంకె బాగున్నా సరే, అది మంచి గుర్తు కాదు, డాక్టర్‌కు చెప్పాలి. భుజం తట్టి గట్టిగా పిలిచినా లేవకపోతే అది ఎమర్జెన్సీ.

అప్పుడు ఏం చేస్తారు? మీరు కేకేసి మనుషులను పిలవండి, ఇంకోవైపు భుజాలు కుదుపుతూ “ఊపిరి తీసుకో బాపూ” అని చెబుతూ ఉండండి. చాలాసార్లు చెబితే తీసుకుంటారు, మరిచిపోయినట్టు ఉంటారు తప్ప చేతకాక కాదు. గురక గొంతులో ఇరుక్కున్నట్టుంటే గడ్డం పైకి ఎత్తండి. నోట్లో నీళ్లు పోయకండి. నర్సు వచ్చి పంపు ఆపుతుంది, ఆక్సిజన్ పెడుతుంది, అవసరమైతే బెలూన్ పంపుతో ఊపిరి ఇస్తారు. నలోక్సోన్ అనే విరుగుడు మందు ఉంది. సరిగ్గా ఈ మందుల కోసమే. రక్తనాళంలో ఇస్తే ఒకటి రెండు నిమిషాల్లో మనిషి కళ్లు తెరుస్తాడు. దాన్ని కొంచెం కొంచెంగా ఇస్తారు, ఒక్కసారే ఎక్కువ ఇస్తే నొప్పి మొత్తం తిరగబెట్టి బీపీ పెరుగుతుంది. దాని పని అరగంట నుంచి గంటన్నర దాకానే. మార్ఫిన్ వెన్నులో ఇంకా ఉంటుంది. అందుకని మనిషి లేచి కూర్చున్నా అంతటితో అయిపోయిందనుకోవద్దు, మళ్లీ మగత కమ్మొచ్చు. ఆ రాత్రంతా దగ్గరుండి చూడాలి.

ఇక మీ బాపు ప్రత్యేక సంగతులు. 64 ఏళ్లు, గురక, దమ్ము, క్రియాటినిన్ 1.8, నిద్ర గోలీ. ఒక్కొక్కటీ కొంచెం కొంచెం ప్రమాదం పెంచుతుంది, అన్నీ కలిస్తే జాగ్రత్త పడాల్సిన మనిషే. గురకలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకోవడం మీరెప్పుడైనా చూశారా? అమ్మను అడగండి, పక్కన పడుకునేవాళ్లకే తెలుస్తుంది. అట్లా ఉంటే అది స్లీప్ ఆప్నియా కావొచ్చు, ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టర్‌కు తెలియాలి. కిడ్నీ మందగిస్తే మార్ఫిన్ విరిగిపోగా మిగిలే పదార్థం ఒంట్లోనే నిలిచిపోయి మగత పెంచుతుంది, అందుకే ఇట్లాంటివాళ్లకు ఫెంటనిల్ వైపు మొగ్గుతాం. నిద్ర గోలీ అల్ప్రజోలామ్ లాంటిదైతే నల్లమందు జాతి మందుతో కలిసి ఊపిరిని ఇంకా అణుస్తుంది. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించకండి, మానితే వణుకు, ఫిట్స్ రావొచ్చు. ఆస్పత్రిలో మీ సంచీలోంచి తీసి వేయకండి కూడా. రాత్రి నిద్ర పట్టట్లేదంటే ఇంటి గోలీ అలవాటే కదా అని వేసేసే అటెండెంట్లు ఉంటారు. అదే అసలు ప్రమాదం.

కల్లు సంగతి అడగకుండా ఉండలేను. మన తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రజోలామ్, డయాజిపామ్ లాంటివి కలుపుతారని అందరికీ తెలిసిందే, కేసులూ అవుతూనే ఉన్నాయి. రోజూ కల్లు తాగే మనిషి “నాకే మందుల్లేవు” అంటే అది నిజం కాకపోవచ్చు, ఆయనకే తెలియదు పాపం. బాపుకు ఆ అలవాటు ఉంటే, ఎక్కడి కల్లు, రోజుకెంత అన్నది సిగ్గుపడకుండా మత్తు డాక్టర్ చెవిలో వేయండి. అమ్మ ముందు చెప్పడం ఇబ్బందైతే బయటికి పిలిచి చెప్పండి. మేము తీర్పు చెప్పేవాళ్లం కాదు, మోతాదు లెక్క వేసేవాళ్లం.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ పరీక్ష చేసే రోజున ఇవి అడగండి. సంచీలో ఏ మందు కలుపుతారు, ఫెంటనిలా మార్ఫినా? మొదటి రెండు రాత్రులు ఐసీయూలోనా, వార్డులోనా? రాత్రి ఊపిరి ఎవరు లెక్కపెడతారు? నలోక్సోన్ ఆ గదిలోనే ఉంటుందా, కింద ఫార్మసీలో కొనుక్కు రావాలా? ఈ చివరిది మరీ ముఖ్యం, రాత్రి రెండింటికి మెట్లు దిగి మందు తెచ్చే టైముండదు. జవాబులు సరిగ్గా లేకపోతే పైపు వద్దనడం కన్నా, పైపులో తిమ్మిరి మందు ఒక్కటే వేస్తారా అని అడగండి. అలా చేయొచ్చు. అప్పుడు బీపీ కనిపెట్టుకోవాలి, కాళ్లు కొంత బరువెక్కుతాయి, కానీ ఊపిరి కేంద్రం మీద మందు ప్రభావం ఉండదు. తిమ్మిరి మరీ పైకి ఎక్కినా ఊపిరికి ఇబ్బందే, అందుకని చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని బాపు అంటే వెంటనే చెప్పండి. పొట్ట గోడ నరాలకు విడిగా ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్లు (బ్లాకులు) కూడా ఉన్నాయి.

మీ అన్నకు చెప్పాల్సింది ఒకటుంది. పైపు కాదంటే ఆ నొప్పికి ట్రమడాల్, ఫెంటనిల్ లాంటివి రక్తనాళంలోకే ఇస్తారు, అవి కూడా నల్లమందు జాతే. అక్కడ మోతాదు ఇంకా ఎక్కువ కావాలి, ఊపిరి భయం అక్కడా ఉంటుంది. ఇక పైపు పెట్టాక వార్డులో ఎవరో తెలియక అదనంగా ట్రమడాల్ ఇంజెక్షన్ రాస్తే రెండూ కలుస్తాయి. పైపు ఉన్నంతకాలం నొప్పి, నిద్ర, వాంతుల మందులన్నీ మత్తు డాక్టర్‌కు తెలిసే ఇవ్వాలని కేసు షీటు మీద రాయించండి. పైపు దగ్గర ఎపిడ్యూరల్ అని పేరున్న స్టిక్కర్ అంటించి ఉందో లేదో కూడా చూడండి, సెలైన్ లైన్ అనుకుని అందులో వేరే మందు ఎక్కించే పొరపాటు రాకూడదు. నొప్పి వస్తే నొక్కుకునే బటన్ ఇస్తే దాన్ని బాపే నొక్కాలి. ఆయన నిద్రపోతుంటే పాపమని మీరు నొక్కకండి. మగత వచ్చిన మనిషి బటన్ నొక్కలేడు, ఆ యంత్రంలో ఉన్న కాపుదలే అది.

బీడీ ఇవాళే ఆపించండి. ఆస్పత్రివాళ్లు మూడు రంగుల బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు, మనవాళ్లు దాన్ని ఊదుతుంటారు. అది ఊదేది కాదు, పీల్చేది. నోట్లో పెట్టుకుని మెల్లగా, లోతుగా లోపలికి పీలిస్తే బంతి పైకి లేవాలి, లేచిన బంతిని రెండు మూడు సెకన్లు నిలబెట్టాలి. ఆపరేషన్‌కు ముందే ఇంట్లో అలవాటు చేయించండి, తర్వాత నొప్పిలో నేర్పడం కష్టం. పైపు పనిచేస్తున్నప్పుడు పగలు మెలకువగా ఉన్న టైములో గంటకు పదిసార్లు చేయించండి, పొట్ట మీద దిండు అదుముకుని దగ్గమనండి. పైపు పెట్టించుకున్నందుకు అసలు ఫలితం ఇదే.

ఒళ్లంతా, ముఖ్యంగా ముక్కు చుట్టూ దురద వస్తే అలర్జీ అని భయపడకండి, ఈ మందులతో మామూలే. కానీ దానికి మగత తెచ్చే అలర్జీ ఇంజెక్షన్ వేయబోతే మత్తు డాక్టర్‌ను అడిగి వేయమనండి. మూత్రం ఆగడం ఉంటుంది, గొట్టం వేస్తారు. ఇవి చిన్నవి. కాళ్ల కదలిక బాగుండి, తర్వాత కొత్తగా సత్తువ పోతే మాత్రం చిన్న విషయం కాదు, వెన్నులో రక్తం గడ్డకట్టిందేమో వెంటనే చూడాలి. గుండెకు రక్తం పలచబడే గోలీలు ఏమైనా వాడుతుంటే అందుకే ముందే చెప్పాలి. పైపు వేస్తే జీవితాంతం నడుం నొప్పి అన్న మాటకు ఆధారం లేదు, పట్టించుకోకండి.

చెల్లె సంగతి. కాన్పు నొప్పులకు ఇచ్చే ఎపిడ్యూరల్‌లో తిమ్మిరి మందు చాలా పలచగా, ఫెంటనిల్ మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల లెక్కన ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వయసు పిల్లకు ఈ మోతాదుతో ఊపిరి ఆగడం చాలా అరుదు, ఆ గదిలో ఎలాగూ మనిషి దగ్గరే ఉంటారు. బీపీ తగ్గడం, దురద మాత్రం ఉండొచ్చు. ఒకవేళ సిజేరియన్ అయ్యి, ఆ తర్వాత నొప్పికి వెన్నులో మార్ఫిన్ కూడా ఇస్తే పైన చెప్పిన 24 గంటల లెక్క ఆమెకూ వర్తిస్తుంది. ఆ రాత్రి బిడ్డను పక్కలో వేసుకుని ఒక్కతే పడుకోకుండా, అమ్మనో అత్తమ్మనో మెలకువగా ఉండమనండి, నర్సు లేపడానికి వస్తే లేపనివ్వండి.